గ్రూపు కుదిరిందా?

తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి గట్టెక్కిన విద్యార్థి ఇంటర్మీడియట్‌లో చదవబోయే సబ్జెక్టుల కట్టను గ్రూపు అంటారు. ఈ మాట సగటు తెలుగువాడికి మూడుసార్లు తగులుతుంది. పుట్టగానే బ్లడ్ గ్రూపు, పదిహేనో ఏటో పదహారో ఏటో ఇంటర్ గ్రూపు, పాతికేళ్ళు దాటాక సర్కారు ఉద్యోగం కోసం గ్రూప్-1, గ్రూప్-2. మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. మూడోది కోరుకున్నంత మాత్రాన దక్కదు. మధ్యదాన్ని విద్యార్థి తానే ఎంచుకుంటాడని ఒక నమ్మకం ఉంది. దరఖాస్తు ఫారం కూడా అలాగే నమ్ముతుంది.

ఇంటర్ ఇప్పటి రెండేళ్ళ రూపంలో 1969-70లో మొదలైంది. దాన్ని నడిపే బోర్డు 1971లో ఏర్పడింది. అంతకుముందు ఉన్నది పీయూసీ. అది ఒక్క ఏడాదే. పీయూసీ చదివిన తాతగారు ఇంట్లో ఉంటే గ్రూపు చర్చకు ముందు కనీసం అరగంట ఆ ఒక్క ఏడాది గొప్పతనానికి కేటాయించాలి. 2014లో రాష్ట్రంతోపాటు బోర్డూ రెండయింది. ప్రాజెక్టులు, కార్యాలయాలు, ఉద్యోగులు పంపకాల్లో పడ్డారు గాని గ్రూపుల మీద తగువు రాలేదు. అటూ ఇటూ అవే మిగిలాయి.

అవి ముఖ్యంగా అయిదు. ఎంపీసీలో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉంటాయి. బైపీసీలో లెక్కలు పోయి బోటనీ, జువాలజీ వస్తాయి. సీఈసీ అంటే సివిక్సు, ఎకనామిక్సు, కామర్సు. అందులో సివిక్సు తీసి లెక్కలు పెడితే ఎంఈసీ, కామర్సు తీసి హిస్టరీ పెడితే హెచ్‌ఈసీ. ఇది బోర్డు చెప్పే లెక్క. ఇళ్ళల్లో చెలామణీలో ఉన్న లెక్క ఇంకా పొట్టిది: లెక్కలు వస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ, ఏదీ రాకపోతే సీఈసీ. హెచ్‌ఈసీ ఈ లెక్కలోకే రాదు. ఒకేషనల్ కోర్సులు కూడా ఉన్నాయి. అవి చేతికి పని నేర్పుతాయి కాబట్టి బంధువుల మధ్య వాటి ఊసు రాదు.

లెక్కలు "రావడం" అంటే ఏమిటో తేల్చడం కష్టం. పదో తరగతి లెక్కల్లో తొంభై దాటితే వచ్చినట్టు. తండ్రి ఇంజనీరైతే నలభై దాటినా వచ్చినట్టే. ఎంపీసీలో చేరిన మొదటి వారం 1ఏ పేపరులో ప్రమేయాలు ఎదురవుతాయి. అన్వేక ప్రమేయం, సంగ్రస్త ప్రమేయం, రెండూ అయితే ద్విగుణ ప్రమేయం. రెండు ద్విగుణ ప్రమేయాలను సంయుక్తం చేసినా వచ్చేది ద్విగుణ ప్రమేయమేనని నిరూపించడం ఏడు మార్కుల ప్రశ్న. దీన్ని తరతరాల విద్యార్థులు ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు. ఏ చుక్క తరవాత ఏ చుక్కో చేతికి తెలిస్తే చాలు, అర్థంతో పని లేదు. 1ఏ, 1బీ అని డెబ్బయి అయిదేసి మార్కులకు రెండు పేపర్లుగా ఉన్న ఈ లెక్కలను 2025-26లో ఆంధ్రప్రదేశ్ కలిపి వంద మార్కులకు ఒకే పేపరు చేసింది. ముగ్గు అదే, వాకిలి మారింది.

బైపీసీకి ఇళ్ళల్లో పెట్టే ప్రవేశ పరీక్ష ఒక్కటే: "నీకు రక్తం చూస్తే భయమా?" రక్తం సంగతి డాక్టరయ్యాక కదా, ముందు వచ్చేది బొద్దింక. జువాలజీ మొదటి సంవత్సరంలో దాని జీర్ణవ్యవస్థ, శ్వాసవ్యవస్థ, నాడీవ్యవస్థ అన్నీ చదవాలి. వంటింట్లో అది కనబడగానే మంచమెక్కి "అమ్మా!" అని కేకపెట్టిన అమ్మాయే పక్క గదిలోకి వెళ్ళి దాని అన్నవాహిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పెన్సిలుతో బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తుంది. తల్లి చీపురుతో దాని వెంట పడుతుంటే "దానికి మెదడులోనే కాదమ్మా, ఒళ్ళంతా నాడీ సంధులుంటాయి, తల పోయినా వెంటనే చావదు" అని లోపలినుంచి వినబడుతుంది. చదువు ఇంటికి ఉపయోగపడిన సందర్భాల్లో ఇదొకటి. డాక్టరీ సీటు మాత్రం ఇప్పుడు నీట్ చేతిలో ఉంది. అందుకే పాత ఎంసెట్‌లోంచి మెడికల్ తాలూకు 'ఎం' పోయి ఫార్మసీ తాలూకు 'పీ' వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో అది ఈఏపీసెట్ అయింది. జనం మాత్రం ఇంకా ఎంసెట్ అనే అంటున్నారు.

సీఈసీ తీసుకున్నానంటే "పర్లేదులే" అంటారు. ఎంఈసీ తీసుకున్నానంటే "సీఏనా?" అని కాస్త ముందుకు జరిగి కూర్చుంటారు. హెచ్‌ఈసీ అంటే మాత్రం గొంతు తగ్గించి "ఏమైంది?" అని అడుగుతారు. ఎంపీసీ చదివి, బీటెక్ చేసి, రెండేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, ఆపైన హైదరాబాదు అశోక్‌నగర్‌లో అద్దెగదికి చేరి గ్రూప్-1కి చదివే కుర్రాడి బల్ల మీద ఉండేవి చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజ్యాంగం. అంటే హెచ్‌ఈసీ. పదహారేళ్ళకు ఊరికే ఇస్తామంటే వద్దన్నదాన్ని పాతికేళ్ళకు కోచింగ్ ఫీజు కట్టి చదువుతాడు. అప్పుడు ఎవరూ "ఏమైంది?" అని అడగరు. "ప్రిపేర్ అవుతున్నాడు" అంటారు.

గ్రూపు కుదర్చడం పెళ్ళి సంబంధం కుదర్చడానికి దగ్గరి చుట్టం. ఇక్కడి పెళ్ళిళ్ళ పేరయ్య కార్పొరేట్ కాలేజీ పీఆర్వో. పదో తరగతి పరీక్షలు మార్చిలో అయితే ఆయన సంక్రాంతికే గడప తొక్కుతాడు. పిల్లల జాబితా, తండ్రుల ఫోన్ నంబర్లు ఎక్కడివని అడగడం మర్యాద కాదు. "సార్, మీ బాబు ఐఐటీ మెటీరియల్ సార్" అంటాడు, బాబును అప్పటికి చూడకుండానే. ఆ మాటకు తండ్రి గుండె కరుగుతుంది. తల్లి మాత్రం హాస్టల్లో పెరుగు వేస్తారా అని అడుగుతుంది. మొత్తం సంభాషణలో జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే. ఈలోగా టీవీలో ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివే గొంతు "ఒకటి, ఒకటి, ఒకటి" అని మోగుతూ ఉంటుంది. ఒకే పరీక్షలో అందరికీ ఒకటో ర్యాంకు ఎలా వస్తుందన్న ప్రశ్న లెక్కలు రానివాళ్ళకే వస్తుంది.

మేనమామ అభిప్రాయం తప్పనిసరి. ఆయన అమెరికాలో ఉంటే అది అభిప్రాయం కాదు, తీర్పు. ఎదురింటి ఆంటీ, పాలు పోసే ఆయన, తండ్రి ఆఫీసులో సూపరింటెండెంటు గారు తలా ఒక చెయ్యి వేశాక, అన్నం తింటున్న పిల్లాడి వైపు తండ్రి తిరుగుతాడు. "నీ ఇష్టంరా, బలవంతమేం లేదు. ఎంపీసీలో మామూలు సెక్షనా, ఐఐటీ సెక్షనా, నువ్వే చెప్పు." పిల్లాడు మజ్జిగ అడుగుతాడు. దాన్ని అంగీకారంగా నమోదు చేసుకుంటారు.

నిజంగా ఎంచుకోవడానికి మిగిలేది ద్వితీయ భాష. ఇంటర్లో మొదటి భాగం ఇంగ్లిషు. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న తెలుగు రెండో భాగంలో ఉంటుంది, అదీ సంస్కృతం, హిందీ, ఉర్దూలతో పోటీపడి. తెలుగు తీసుకుంటే పద్యానికి ప్రతిపదార్థం రాయాలి, సంధులు విడదీయాలి, సమాసాలకు పేర్లు పెట్టాలి. సంస్కృతం తీసుకుంటే చాలా జవాబులు తెలుగులోనో ఇంగ్లిషులోనో రాయవచ్చు. ఇన్ని వేల ఏళ్ళ భాషకు ఇంత దయ ఉండటం ఆశ్చర్యమే. తెలంగాణ లెక్కలో ఎంపీసీ మొదటి ఏడాదికి 470 మార్కులు. 467 తెచ్చుకున్న పిల్లను "ఆ మూడూ ఎక్కడ పోయాయే?" అని అడిగే ఇంట్లో వందకు తొంభై తొమ్మిది ఇచ్చే భాషే దేవభాష. కాలేజీల్లో సంస్కృతం సెక్షన్లు నిండిపోతాయి. అక్కడి పిల్లల్లో దేవనాగరిలో తమ పేరు తప్పులేకుండా రాసేవాళ్ళు ఎందరో పరీక్షలో అడగరు.

అన్నీ కుదిరాక మార్పుల అంకం మొదలవుతుంది. జూన్‌లో కాలేజీ తెరిచిన పదిహేను రోజుల్లోపే కొందరికి ప్రమేయాలు పడవు, కొందరికి బొద్దింక పడదు. ప్రిన్సిపాల్‌కు తండ్రి సంతకంతో అర్జీ పెడితే ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు వెళ్తారు. రెండూ కావాలనేవాళ్ళ కోసం ఆంధ్రప్రదేశ్ 2025-26లో ఎంబైపీసీకి దారి తెరిచింది. ఇంజనీరు కావాలన్న తండ్రినీ డాక్టరు కావాలన్న తల్లినీ ఒకే బండికి కట్టే ఏర్పాటు అది. బండి లాగేది పదహారేళ్ళవాడు.

గ్రూపు మార్చినా ఖర్చు పెద్దగా ఉండదు. భాషలు రెండూ అవే. ఎంపీసీకీ బైపీసీకీ ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉమ్మడే. లెక్కల పుస్తకాలిచ్చి బోటనీ, జువాలజీ తెచ్చుకుంటే సరిపోతుంది. అందుకే పాతపుస్తకాల కొట్లో దొరికే తెలుగు అకాడమీ ఫిజిక్సు పుస్తకం అట్ట తిప్పితే, లోపల పేరు కింద బైపీసీ అని గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంటుంది. దాన్ని కొట్టేసి ఎంపీసీ అని వేరే చేతిరాతలో, ఎర్ర సిరాతో దిద్ది ఉంటుంది.