పెరటి ప్రభువులపై ఫిర్యాదు

ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ నా పేరు మీదే వస్తోంది. కరెంటు బిల్లూ నాదే. కానీ పెరట్లోకి అడుగు పెట్టాలంటే కోడిపుంజు అనుమతి కావాలి. గుడ్లు కొనే బాధ తప్పుతుందని మా ఆవిడ నాటుకోళ్ళు తెచ్చింది. వాటికి తోడుంటాయని తర్వాత బాతులొచ్చాయి. తోడు కావాలని కోళ్ళు అడిగిన దాఖలా లేదు.

పుంజుగారు తెల్లవారుజామున మూడింటికే అందుకుంటారు. వెలుగు తగలకపోతే కూయదేమోనని గంప మీద గోనెసంచి కప్పాను. చీకట్లోంచే కూసింది. దానికి వెలుగుతో పని లేదట, గడియారం దాని ఒంట్లోనే ఉందట. జపాన్‌లో నాగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో పరిశోధించి మరీ చెప్పారు. ఆ గడియారాన్ని ఓ రెండు గంటలు వెనక్కి తిప్పే కిటుకు కూడా చెప్పి పుణ్యం కట్టుకోవాల్సింది. సంక్రాంతికి పందెగాళ్ళెవరైనా పట్టుకుపోతారని ఆశపడ్డాను (పందేలు నేరమని తెలుసు, నిద్రలేనివాడికి చట్టం ఎక్కడ గుర్తుంటుంది?). భీమవరం వైపు నుంచి ఒకాయన వచ్చి, కాళ్ళు పట్టి చూసి, రెక్క విప్పి చూసి, "కూరకి బావుంటుందండి" అని కింద దింపేశాడు.

పెట్టలు డజను గుడ్లు పెట్టాయో లేదో పొదగడానికి కూర్చుంటాయి. ఇక గుడ్లు బంద్. చెయ్యి పెడితే పొడుపు. అలా కూర్చున్న ఒకదాని కింద మా ఆవిడ బాతుగుడ్లు పెట్టింది. కోడిగుడ్డుకి 21 రోజులు, బాతుగుడ్డుకి 28. ఆ అదనపు వారం జీతం బత్తెం లేకుండా కూర్చుంది పాపం. తీరా పిల్లలు కాస్త నడక నేర్చి నీళ్ళ తొట్టిలోకి దూకేసరికి, తొట్టి గట్టు మీద అటూ ఇటూ పరుగెడుతూ అది పెట్టిన గోలకి వీధంతా మా గోడ దగ్గర చేరింది.

బాతుల భోజనం చూసి తీరాలి. ముక్కుతో తవుడు తీసుకోవడం, తొట్టి దగ్గరికి పరుగెత్తి ముంచడం, మళ్ళీ తవుడు. మధ్యాహ్నానికి తొట్టిలో కుడితి, చుట్టూ బురద, బురదలో నా చెప్పు. ముక్కూ కళ్ళూ కడుక్కోవడానికి బాతుకి తల మునిగేంత నీళ్ళుండాలని పశువుల డాక్టరుగారు తీర్పిచ్చారు. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఊళ్ళో నేను మొహం దేనితో కడుక్కోవాలో మాత్రం సెలవివ్వలేదు.

నూకలు, తవుడు, కొక్కెర తెగులు రాకుండా కళ్ళలో వేసే లసోటా చుక్కలు, పిల్లీ ముంగిసా దూరకుండా ఇనుప వల. ఇవన్నీ కూడి గుడ్ల మీద పంచితే, మా పెరటి గుడ్డు ముందు కొట్లో గుడ్డు కారుచౌక. కాగితం మీద లెక్క చూపిస్తే, "ఆరోగ్యానికి కూడా ఖరీదు కడతారా?" అంది మా ఆవిడ. బాతుగుడ్డు నీచని పిల్లలు ముట్టరు.

కనుక పాఠక మహాశయులకు మనవి. మా ఇంట బాతుగుడ్లు ఉచితం. సంచీ మాత్రం కాస్త పెద్దది తెచ్చుకోండి. గుడ్లతో పాటు ఓ బాతు కూడా వస్తుంది. వద్దనకండి.