సిస్టర్ గారి సీటీసీ ఎంత?

మే నెలాఖరుకు మా ఐటీ కారిడార్‌లో రెండు వార్తలు పొక్కుతాయి. ఏ కంపెనీలో ఎంతమందిని ఇంటికి పంపుతున్నారన్నది మొదటిది. పిల్లల బడికి కొత్త ప్రిన్సిపాల్‌గా ఎవరొస్తున్నారన్నది రెండోది. మొదటిదాని గురించి ఎవరూ నోరు విప్పరు. రెండోదాని గురించి ఎవరూ నోరు మూయరు.

కొండాపూర్‌కూ గచ్చిబౌలికీ మధ్య ఎక్కడో కాథలిక్ సిస్టర్లు నడిపే బడి ఒకటుందనుకోండి. పేరు అడక్కండి, వచ్చే ఏడు మా మనవరాలికి ఎల్‌కేజీ సీటు కావాలి. ఆ బడి నుంచి ఓ సాయంత్రం సర్క్యులర్ వస్తుంది. ఇన్నాళ్లూ ప్రిన్సిపాల్‌గా ఉన్న సిస్టర్‌కు బదిలీ అయింది, కొత్త సిస్టర్ జూన్‌లో బడి తెరిచేనాటికి బాధ్యతలు తీసుకుంటారు, సహకరించగలరు. అంతే. ఈ మూడు ముక్కల మీద వాట్సాప్‌లో అర్ధరాత్రి దాటేదాకా చర్చ.

ఇక్కడ ప్రతి తరగతికీ రెండు గ్రూపులుంటాయి. టీచర్లున్న గ్రూపు ఒకటి, టీచర్లు లేని గ్రూపు ఒకటి. మొదటి దాంట్లో ‘వార్మ్ వెల్‌కమ్ సిస్టర్’ అంటూ దండాలు, పువ్వులు. రెండో దాంట్లో అసలు సంగతి.

‘ప్రొఫైల్ ఎవరైనా చూశారా?’ అన్నది అక్కడ పడే తొలి ప్రశ్న. చూశారు. దొరకలేదు. సిస్టర్‌కు లింక్డ్‌ఇన్ ఖాతా లేదు. మా దగ్గర ఇది చిన్న విషయం కాదు. క్యాబ్ డ్రైవర్‌కు చుక్కలుంటాయి, బిర్యానీ తెచ్చిన కుర్రాడికి చుక్కలుంటాయి, పిల్లల్ని అప్పజెప్పే మనిషికి ఒక్క చుక్కయినా లేకపోతే ఎలా?

ఆ వెంటనే ఓ ప్రోడక్ట్ మేనేజర్ తండ్రి అందుకుంటాడు. పాత సిస్టర్ ఎందుకు మానేసినట్టు? పేపర్లు వేసిందా, వేయించారా? పోటీ స్కూలు ఎగరేసుకుపోయిందా? మేనేజ్‌మెంట్ కౌంటర్ ఆఫర్ ఇవ్వలేదా? అసలు నోటీస్ పీరియడ్ ఎంత?

తొంభై రోజుల నోటీసును నలభై అయిదుకు దించడానికి హెచ్‌ఆర్‌తో రెండు నెలలు బేరమాడే జాతికి దీని జవాబు మింగుడుపడదు. సంఘం పెద్దయిన ప్రొవిన్షియల్ నుంచి ఉత్తరం వచ్చింది, సిస్టర్ పెట్టె సర్దుకుంది, వెళ్లింది. సన్యాస సభల్లో చేరేవాళ్లు మూడు వ్రతాలు పడతారు: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఈ మూడోదాని కింద పై నుంచి ఉత్తరం వస్తే, ఎందుకని అడగడం కన్నా ఎక్కడికని అడగడమే ఆనవాయితీ. నిన్నటిదాకా మూడు వేల మంది పిల్లల బడి నడిపిన మనిషి రేపు ఏ మన్యం పల్లెలోనో యాభైమంది ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా వెళ్లొచ్చు. ‘అయ్యో, డిమోషనా?’ అని మా గ్రూపు సానుభూతి. ‘పెర్‌ఫార్మెన్స్ ఇష్యూ అయ్యుంటుంది’ అని ఇంకొకరి అనుమానం. బల్ల మీద పేరు పలక లేకుండా పోవడాన్ని మా కారిడార్ మరో రకంగా అర్థం చేసుకోలేదు.

ఇక రెండో ప్రశ్న, దాని కోసమే అందరూ మేలుకొని ఉన్నది: ప్యాకేజీ ఎంత?

మొదటి వ్రతం ఇక్కడ అడ్డొస్తుంది. చర్చి చట్టం ప్రకారం సిస్టరో బ్రదరో తన కష్టంతో సంపాదించినదంతా తన సంఘానిది. ఖాతాలో పడే జీతం మఠానికి పోతుంది, చీరా చెప్పులూ మఠం ఇస్తుంది. ఈ మాట గ్రూపులో ఎవరో పెట్టగానే ఓ చార్టర్డ్ అకౌంటెంట్ తల్లి నిద్ర మత్తు వదిలి లేచి కూర్చుంది. ‘మరి టీడీఎస్ ఎవరి పాన్ మీద కోస్తారు?’

నవ్వకండి. ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తమిళనాడు, కేరళల్లో ప్రభుత్వం జీతాలిచ్చే ఎయిడెడ్ బడుల్లో పనిచేసే ఫాదర్లకూ సిస్టర్లకూ 1944 నాటి సర్క్యులర్ పుణ్యమా అని పన్ను కోత ఉండేది కాదు. 2014లో ఆదాయపు పన్ను శాఖకు మెలకువ వచ్చింది. ఆ జీతం మా చేతికి రాదు, వ్రతం పట్టిననాడే లౌకికంగా మేము చనిపోయినట్టు లెక్క అని సన్యాసుల పక్షం వాదించింది. మద్రాసు హైకోర్టు 2019లో ఆ వాదన ఒప్పుకోలేదు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు తొంభై మూడు అప్పీళ్లను ఒక్క దెబ్బకు కొట్టేసి, జీతం అన్నాక టీడీఎస్ ఉంటుందని తేల్చింది. ఆ డబ్బు తరవాత ఎవరికి పోతుందో పన్ను శాఖకు అనవసరం. సంసారం వదిలేసినా ఫారం 16 వదలదన్నమాట. ఈ ఒక్క విషయంలో మా కారిడార్‌కు సిస్టర్ మీద నిజమైన ఆత్మీయత పుట్టింది. పన్ను కోతకు గురైనవాళ్లంతా ఒకే కులం.

మూడో అభ్యంతరం ప్రజాస్వామ్యానికి సంబంధించినది. లక్షలు ఫీజు కడుతున్నాం, ప్రిన్సిపాల్‌ను పెట్టేముందు మమ్మల్ని అడగొద్దా? ప్యానెల్ ఇంటర్వ్యూ ఉండాలి, అందులో ఇద్దరు పేరెంట్స్ ఉండాలి, వీలైతే ఒక కేస్ స్టడీ ఇవ్వాలి. లాయరు తండ్రి ఒకాయన వచ్చి ఈ మంట మీద నీళ్లు పోశాడు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థల్ని తామే నడుపుకొనే హక్కిచ్చింది. ప్రిన్సిపాల్‌ను ఎంచుకోవడం ఆ హక్కులో ముఖ్య భాగమని 2006లో మలంకర సిరియన్ కాథలిక్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్హతలుంటే చాలు, సీనియర్‌ను పక్కనపెట్టి జూనియర్‌ను కూర్చోబెట్టినా అడిగేవాడు లేడు. సీనియర్‌ను పక్కనపెట్టడం కోర్టు తీర్పు లేకుండానే రోజూ చూసే జనం కాబట్టి ఈ భాగం మాత్రం తేలిగ్గానే జీర్ణమైంది.

ఇంత గొడవపడేవాళ్లు వేరే బడికి పోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఈ చుట్టుపక్కల గుర్రపు స్వారీ నేర్పే బళ్లున్నాయి, ఏసీ బస్సులున్న బళ్లున్నాయి. కానీ పోరు. దానికి కారణం ఆబిడ్స్‌లో ఉంది. గన్‌ఫౌండ్రీ ఆల్ సెయింట్స్ 1855 నాటిది, అజారుద్దీన్ బ్యాటు పట్టిన బడి. రోజరీ కాన్వెంట్ 1904ది. చిరాగ్ అలీ లేన్‌లో లిటిల్ ఫ్లవర్ 1953లో, హైదర్‌గూడలో సెయింట్ పాల్స్ 1954లో వచ్చాయి. వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించింది 1998 నవంబరులో. అప్పటికే ఆ బళ్లలో చదివి, బ్రదర్ చేతి బెత్తం తిని, ఆ పుణ్యంతోనే డాలర్లు చూశామని నమ్మే తరం ఒకటి తయారై ఉంది. వాళ్లే ఇప్పుడు ఇరవై రెండో అంతస్తులో ఉంటూ తమ పిల్లలకూ అదే బెత్తం కావాలంటున్నారు. కాకపోతే అది పక్కవాడి పిల్లాడికే తగలాలి.

ఈ గిరాకీ కనిపెట్టిన వ్యాపారులు ఊరూరా సెయింట్ పేరుతో బోర్డులు కట్టేశారు. పోపుకు కూడా తెలియని పునీతులు తెలంగాణలో, ఆంధ్రలో ఉన్నారు. గేటు మీద సెయింటు ఉంటాడు, ఆఫీసు గదిలో వెంకటేశ్వర స్వామి ఉంటాడు, క్యాష్ కౌంటర్లో బావమరిది ఉంటాడు. అసలువాటికి సీటు కావాలంటే మాత్రం సిఫారసు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో తొలి కార్డినల్, దేశంలో దళితుల్లోంచి వచ్చిన తొలి కార్డినల్ కూడా ఆయనే. చరిత్రలో నిలిచే ఆ వార్తకు మా అపార్ట్‌మెంటులో వచ్చిన మొదటి స్పందన: ‘ఆయన లెటరిస్తే ఎల్‌కేజీ సీటొస్తుందా?’

సరే, స్వాగత సభ. పిల్లల చేత కూచిపూడి భంగిమల్లో ప్రార్థనా నృత్యం, దీపం వెలిగించడం, శాలువా, బొకే, మళ్లీ బొకే. మూడు వేల గొంతులు సాగదీసి సాగదీసి ‘గు...డ్ మా...ర్నింగ్ సి...స్టర్, గాడ్ బ్లెస్ యూ సి...స్టర్’ అనడం. ఈ రాగం ఏ మ్యూజిక్ టీచరూ కట్టలేదు, ఏ ఊళ్లో ఏ కాన్వెంటుకు వెళ్లినా ఇదే. రాజ్యాంగ పీఠికను అందరూ కలిసి చదవడం ఈమధ్య చేరింది. కాథలిక్ బళ్లలో ఉదయం అసెంబ్లీలో పీఠిక చదివించండి, ఇతర మతాల పిల్లల మీద మన సంప్రదాయాలు రుద్దకండి అని 2024 ఏప్రిల్‌లో బిషప్పుల సమాఖ్య తన బళ్లకు మార్గదర్శకాలు పంపింది. అదే నెలలో మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట దగ్గరి కాథలిక్ బడి మీద గుంపు పడింది. హనుమాన్ దీక్ష బట్టల్లో వచ్చిన పిల్లల్ని ప్రశ్నించారన్నది కోపం. గేటు దగ్గరి మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు పడ్డాయి, కేసు ప్రిన్సిపాల్ మీద కూడా పడింది. ప్రిన్సిపాల్‌కు అలాంటి స్వాగతాలూ ఉంటాయి. ఇది వ్యంగ్యానికి లొంగే విషయం కాదు గనక ముందుకు వెళ్తాను.

సభ అయ్యాక తల్లిదండ్రులతో ముఖాముఖి. మా వాళ్లు దాన్ని టౌన్‌హాల్ అంటారు. ఏఐ ఏ తరగతి నుంచి? ఐఐటీ ఫౌండేషన్ ఆరు నుంచా, అయిదు నుంచా? వర్షం పడితే ఆన్‌లైన్ క్లాసులుంటాయా? ఆ తరవాత గొంతు తగ్గించి ఒక తండ్రి, ఇంటిపేరు తెలుగు, ఊరు తెనాలి: ‘సిస్టర్, తెలుగు తప్పించే వీలుందా?’ 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడైనా తెలుగు చెప్పి తీరాలి. 2025లో సర్కారు కరిగి సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ పిల్లలకు తొమ్మిది, పది తరగతుల్లో ‘సింగిడి’ బదులు సులువైన ‘వెన్నెల’ వాచకం చాలంది. ‘అయితే వెన్నెల కన్నా సులువైనది ఏదన్నా ఉందా?’ అని తెనాలి తండ్రి.

ఈ విషయంలో బళ్లు గంగలో మునిగి వచ్చాయని అనను. తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను వేసిన కాన్వెంట్లు మా తరానికి తెలుసు. 2009లో కడప జిల్లా మైదుకూరులో, ఇక తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలో వేలాడదీసిన బడి పేరులోనూ సెయింటే ఉన్నాడు. ఫీజుల సంగతీ అంతే. లిటిల్ ఫ్లవర్, సెయింట్ పాల్స్ నడిపే బ్రదర్లు తమ మూలపురుషుడిగా కొలిచే లూయీ మోంఫర్ట్ 18వ శతాబ్దపు ఫ్రాన్సులో పేదపిల్లల కోసం ఉచిత బళ్లు పెట్టిన మనిషి. ఇవాళ ఆయన లేచి వచ్చి హైదరాబాదులో ఏ పేరున్న ప్రైవేటు బడి క్యూలో నిలబడినా అప్లికేషన్ ఫారం దగ్గరే జేబు ఖాళీ అవుతుంది. మేనేజ్‌మెంటు 5 శాతానికి మించి లాభం తీసుకోకూడదన్న 1994 నాటి జీవో నంబర్ 1 ఇంకా కాగితం మీద బతికే ఉంది. ఫీజుల మీద వేసిన తిరుపతిరావు కమిటీ 2017లో నివేదిక ఇచ్చింది. నివేదిక క్షేమంగా ఉంది, ఫీజులు కూడా.

ముఖాముఖి అయి కార్లు కదిలాక వరండాలో బొకేలు ఏరుతున్న ఆయమ్మను అడిగాను, కొత్త సిస్టర్ ఎట్లా ఉందని.

‘ఎంతమంది రాలే, ఎంతమంది పోలే సారూ’ అంది. ‘ఏ సిస్టరొచ్చినా పొద్దుగాల్నే బాత్రూములు జూస్తది, నల్లల నీళ్లొస్తున్నయా లేవా జూస్తది. మీరేమో వెబ్‌సైటు జూస్తరు.’

నాకు తెలిసినంతలో ఈ కారిడార్ మొత్తం మీద ప్రిన్సిపాల్ పనికి ఇంతకన్నా నికార్సయిన అప్రైజల్ ఎవరూ రాయలేదు. బడి ఎట్లా నడుస్తుందో నల్లాలు చెబుతాయి, డ్యాన్సులు చెప్పవు. నల్లాలు చూసే మనిషి నాలుగేళ్లకో అయిదేళ్లకో మరో ఊరికి వెళ్లిపోతుంది, ఆ ఊరి నల్లాలు చూసుకుంటుంది. ఆమెకు ఇంక్రిమెంటు లేదు కాబట్టి ఎవరినీ మెప్పించక్కర్లేదు. మా వాళ్లకు అసలు భయం ఇదేనని నా అనుమానం. దేనికీ ఆశపడని మనిషితో బేరం ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలియదు.

అందుకని తల్లిదండ్రులకు చిన్న మనవి. జూన్‌లో మీ బడికి కొత్త సిస్టర్ వస్తే బొకే తీసుకెళ్లకండి, ఆయమ్మకు పని పెరుగుతుంది. కారు గేటుకు అడ్డంగా పెట్టకండి. కిందటేడు టర్మ్ ఫీజు బాకీ ఉంటే అది కట్టేయండి. సిస్టర్ గారికి కూడా ఒక విన్నపం: తెలుగు పీరియడును పీటీ పీరియడుకు ఇచ్చేయకండి, తెనాలి తండ్రి మళ్లీ వచ్చి అడిగినా సరే.