కొమ్మకు కుదిరిన యతి

అవతారిక

కవి శ్రీకాకుళం జిల్లావాడు. భార్యాసమేతంగా ఆగ్రా వెళ్ళి తాజ్‌మహల్ చూశాక, తిరుగు రైలుకు ఇంకా ఒక రోజుందని తేలింది. దాంతో జనవరి చలిలో, తెల్లవారకుండానే, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు బయలుదేరాడు. అక్కడి పక్షుల పార్కు సుమారు 29 చదరపు కిలోమీటర్లు. లోపలి శివాలయం పేరు మీద అది కేవలాదేవ్ జాతీయ పార్కు. మన పోటీ పరీక్షల పుస్తకాల్లో కియోలాడియో. ఊరివాళ్ళకు మాత్రం 'ఘనా', అంటే దట్టమైన అడవి. అక్కడ పుట్టిన ఈ ఆటవెలదికి యథాశక్తి టీక వ్రాస్తున్నాం.

మూలం

మంచు తెరల నడుమ మందంపు రగ్గులో
వణకుచుండ, రిక్షవాడు నిలిపి
అదిగొ చూడుడనెను; అద్దాలు తుడిచితి;
కొమ్మ యూగుచుండెఁ, గొంగ లేదు.

ప్రతిపదార్థం

*మంచు తెరల నడుమ* = పొగమంచు పొరల మధ్య. 'తెరలు' అని బహువచనం ఎందుకంటే, ఒక తెర తొలగగానే వెనక ఇంకొకటి ఉంటుంది. నాటకం మాత్రం మొదలవదు.

*మందంపు రగ్గులో* = దళసరి రగ్గు లోపల. ఈ రగ్గు కవిది కాదు, బస చేసిన గదిది. ఈ సంగతి పద్యంలో లేదు. గది ఖాళీ చేసేటప్పుడు బయటపడింది.

*రిక్షవాడు* = సైకిల్ రిక్షా తొక్కేవాడు. ఇక్కడ రిక్షావాళ్ళే గైడ్లు. అటవీశాఖ అనుమతి, శిక్షణ ఉన్నవాళ్ళు. తొక్కుతూనే తల తిప్పకుండా పిట్టల పేర్లు ఇంగ్లీషులో చెబుతారు. అంతటివాణ్ణి 'వాడు' అనవచ్చునా? కవి ఛందస్సు కోసం అన్నాడు. దిగేటప్పుడు 'భాయిసాబ్' అన్నాడు కనుక దోషం లేదు.

*నిలిపి* = ఆపి. చప్పుడు లేకుండా ఆపి అని భావం. బ్రేకు వేయలేదు, తొక్కడం మానేశాడంతే.

*అద్దాలు తుడిచితి* = కళ్ళద్దాలు తుడుచుకున్నాను. మఫ్లరు నోటికి అడ్డం కట్టుకుంటే ఊపిరి పైకెగసి అద్దాలకు పడుతుంది. అవి తుడవాలంటే ముందు చేతి తొడుగు విప్పాలి, తర్వాత రగ్గులోంచి చెయ్యి బయటికి తీయాలి, ఆపైన చొక్కా కొస వెతకాలి. చొక్కా మీద స్వెట్టరు, స్వెట్టరు మీద కోటు. కొంగకు అంత ఓపిక ఉండదు.

*కొమ్మ* = తుమ్మకొమ్మ. నీళ్ళ మధ్య మట్టిదిబ్బల మీద పెరిగిన తుమ్మలే ఇక్కడి కొంగలకు కాపురాలు.

తాత్పర్యం

చూడబోయాను, చూడలేకపోయాను.

పాఠాంతరం

కవి భార్య చదివే పాఠం: 'కొమ్మ యూగుచుండెఁ గొంగ యుండె.' ఆవిడకు కళ్ళద్దాలు లేవు. ఆ పాఠమే ప్రామాణికమని మా అభిప్రాయం కూడా.

విశేషాలు

నాలుగో పాదంలో 'కొ'కు 'గొ'తో యతి చక్కగా కుదిరింది. కొమ్మకూ కొంగకూ పద్యంలో కుదిరిన ఆ స్నేహం చెట్టు మీద కుదరలేదు.

ఇంతకీ ఏ కొంగ? ఇక్కడ మూడు మతాలున్నాయి. ఎర్రకాళ్ళ కొంగ అని ఒకరు. తుమ్మల మీద గూళ్ళు కట్టేది అదే కనుక ఇది సరళమైన అర్థం. సారసమని ఇంకొకరు. సారసం చెట్టెక్కదు, నేలమీదే తిరుగుతుంది. కనుక కొమ్మ అడ్డుతగులుతోంది.

సైబీరియా కొంగ అని మూడోవారు. అదీ కొమ్మ మీద వాలే జాతి కాదు. అయినా కవి మనసులో ఉన్నది ఇదే. సొంత జిల్లాలోని తేలినీలాపురంలో చెట్లమీద వాలే ఎర్రకాళ్ళ కొంగల్ని 'సైబీరియా పక్షులు' అనడం విని పెరిగినవాడు. అవి ఈ దేశపువేనని తర్వాత తెలిసింది. అసలు సైబీరియా కొంగ వచ్చే చోటికే వచ్చానన్న ధీమాతో రిక్షా ఎక్కగానే అడిగాడు. రిక్షావాడు పెడల్ ఆపకుండా, "అవి రావడం మానేశాయి సాబ్" అన్నాడు.

పశ్చిమ సైబీరియా నుంచి అఫ్గానిస్తాన్ మీదుగా వేల కిలోమీటర్లు ఎగిరి, 1960ల్లో ఇక్కడికి సుమారు 200 తెల్లకొంగలు వచ్చేవి. దారిలో వేట వాటిని తగ్గిస్తూ పోయింది. ఘనా 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. 2002 తొలినాళ్ళలో చివరి జంట కనబడింది. మరుసటి చలికాలానికి ఆ జంటా లేదు.

శివాలయం దగ్గర ఒక రాతిపలక ఉంది. ఏ తేదీన ఏ దొరగారి కోసం వేట జరిగిందో, ఎన్ని పిట్టలు కూలాయో దాని మీద చెక్కారు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వేటకు ఎదురుగా 4,273 అని ఉంది. ఒక్క రోజు లెక్క అది. కూలినవాటికి శాసనం వేశారు. రావడం మానేసినవాటికి ఏ పలకా లేదు.

కాబట్టి ధ్వని ఏమంటే, కొమ్మ ఊగుతూ ఉంటే కొంగ ఇప్పుడే వెళ్ళిందని అర్థం, కాసేపు ఆగితే మళ్ళీ రావచ్చు. సైబీరియా కొంగ వెళ్ళాక ఊగే కొమ్మ కూడా మిగల్లేదు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని చలికాలం ఉదయాన ముమ్మారు చదివినవాడు, రిక్షా ఎక్కకముందే అద్దాలు తుడుచుకుంటాడు.