ఇల్లు కొని చూడు!

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిషైర్‌లో కట్టే బాధ బిల్డర్‌దే. చూసే భాగ్యం మాత్రం కొన్నవాళ్లది!

సరే, ఎక్కడ కొందాం? నార్త్‌స్టోలోనా? ఒకప్పటి వైమానిక స్థావరాన్ని కలుపుకొని 10,000 ఇళ్లతో తలపెట్టిన కొత్త పట్నం అది. 2017లో జనం గృహప్రవేశాలు చేశారు. పాలసీసాకు మాత్రం ఏళ్ల తరబడి పక్క ఊరే దిక్కు. ఊరు ముందు, కొట్టు తర్వాత!

పోనీ, కేంబోర్న్? 1998లో కట్టడం మొదలైంది. రైల్వేస్టేషన్ ఇంకా ప్లానులోనే ఉంది. ఆలు లేదు, చూలు లేదు, ప్లాట్‌ఫాం పేరు సోమలింగం!

‘ఫ్రీహోల్డ్ అండీ, నేలా ఇల్లూ మీవే’ అంటాడు సేల్స్ కుర్రాడు. నిజమే. కానీ చాలా కొత్త ఎస్టేట్లలో పార్కు గడ్డి కోతకూ, లోపలి రోడ్లకూ మేనేజ్‌మెంట్ చార్జీ ఏటా కట్టాలి. కౌన్సిల్ పన్నుకు ఇది అదనం. ‘ఫ్రీ’ అన్నది పేరులోనే!

పదేళ్ల వారంటీ ఉందిగా అంటారా? మామూలుగా తలుపు పట్టకపోయినా, కుళాయి కారినా బిల్డర్ పలికేది మొదటి రెండేళ్లే. ఆ తర్వాత వారంటీ పలకాలంటే పునాదో పైకప్పో దెబ్బతినాలి.

కాబట్టి కొనుగోలుదారులారా, షోహోంలో సోఫా చూసి మురిసిపోకండి. వాన కురిసే రోజున గొడుగేసుకుని పాలకోసం నడిచి చూడండి. కొట్టు కనబడితేనే సంతకం పెట్టండి!