పైసా ఖర్చు లేకుండా మనశ్శాంతి పోగొట్టుకోవడం ఎలా?

మనశ్శాంతి ఉన్నవాడితో ఎవరికీ పనుండదు. వాడు ఎనిమిదింటికి భోంచేసి పదింటికల్లా గురక పెడతాడు, కబుర్లకు కూడా పనికిరాడు. మీకా గతి పట్టకుండా ఉండాలంటే ఒక ఫోను, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా చాలు. ఒళ్లు వంచక్కర్లేదు, అంతా పడుకునే చేయొచ్చు. కింది చిట్కాలు శ్రద్ధగా పాటించండి.

1. ఫోన్ దిండు కింద పెట్టుకోండి. ఎవరైనా అడిగితే "అలారం కోసం" అనండి. ఇంట్లో అలారం గడియారం ఉంటే దాని బ్యాటరీ తీసి టీవీ రిమోట్‌లో వేసెయ్యండి, లేకపోతే సాకు చెల్లదు. కళ్లు తెరవగానే, మొహం కడగకముందే, మీరు నిద్రపోతుండగా లోకంలో ఎవరెవరు ఏమేం సాధించారో చూసుకోండి. కాఫీ తాగాక చూస్తే అంత ఫలితం ఉండదు. పరగడుపునే చూడాలి.

2. రాత్రిపూట "ఒక్క రీల్ చూసి పడుకుంటా" అనుకోండి. మనిషికి తన మీద తనకు నమ్మకం ఉండాలి. పూర్వం పేజీ అయిపోతే తర్వాతి పేజీకి వెళ్లడానికి నొక్కాల్సి వచ్చేది. ఆ అరక్షణంలో 'రేపు ఆఫీసుంది' అనే ఆలోచన జొరబడేది. 2006లో అజా రాస్కిన్ అనే ఆయన అడుగన్నదే లేని పేజీ తయారుచేసి ఆ బెడద వదిలించాడు. తర్వాత ఎందుకు చేశానా అని ఆయనే బాధపడ్డాడు. చేసినవాళ్లు అలాగే అంటారు, మీరు చలించకండి.

ఫోన్ వెలుతురు పడి మీ ఆవిడ లేచి "ఇంకా పడుకోలేదా?" అంటే "ఆఫీసు మెయిల్" అనండి. మెయిల్ చూసి నవ్వెందుకొచ్చిందంటే "మా మేనేజర్ ఇంగ్లిషు" అనండి. పొద్దున తల దిమ్ముగా ఉంటే బీ12 తగ్గిందని మీరే తేల్చేసుకోండి. డాక్టర్ "ఎన్నింటికి పడుకుంటారు?" అంటే "పదింటికి" అని ధైర్యంగా చెప్పండి. పడుకునేది పదింటికే కదా. నిద్ర ఎప్పుడు పడుతుందని ఆయన అడగలేదు.

3. కుళ్లుకోవడానికి మనిషిని జాగ్రత్తగా ఎంచుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇదే, ఇక్కడ తొందర పనికిరాదు. సినిమా హీరోలు, కోటీశ్వరులు ఇందుకు పనికిరారు. వాళ్లను చూస్తే కాలక్షేపమే కానీ కడుపు మండదు. ఇంటర్‌లో మీ పక్కన కూర్చుని మీ రికార్డు చూసి రాసుకున్నవాడు కావాలి. వాడిప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొని ఉండాలి. గృహప్రవేశం ఫోటోలు ఒక్కోటీ పెద్దవి చేసి చూడండి. పాలు పొంగుతున్న స్టవ్వు, దాని వెనక రెండు తలుపుల ఫ్రిజ్జు, గ్యారేజీలో కార్లు, ఏదీ వదలొద్దు. వాడు నెలనెలా కట్టే వాయిదా కాగితాన్ని ఫోటో తీసి పెట్టడు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులేననీ రాయడు. పెట్టలేదు కనుక అవేవీ లేవనే లెక్క. ఇప్పుడు ఆ ఇంటిని మీ వంటింటి సింకుతో పోల్చండి, అదీ పనిమనిషి రాని రోజు చూసి. ఆపైన "కంగ్రాట్స్ రా మామా" అని మూడు గుండెలు పెట్టి, పప్పులో ఉప్పెక్కువైందని గొడవ వేసుకోండి. అసలు కారణం ఇంట్లో ఎవరికీ అందదు. మీక్కూడా.

తోడికోడళ్ల స్టేటస్‌లు అందుబాటులో ఉన్నవాళ్లకు అమెరికా దాకా వెళ్లే పనే లేదు.

4. నీలి టిక్కుల్ని సద్వినియోగం చేసుకోండి. 2014 నవంబరులో అవి వాట్సాప్‌లోకి రాకముందు, బావగారు పలకకపోతే పనిలో ఉన్నారేమో అనుకునే అమాయకత్వం ఉండేది. ఇప్పుడు చూసి కూడా పలకలేదని రుజువుతో సహా తేలుతుంది. ఫ్యామిలీ గ్రూపులో మీ పెళ్లిరోజు ఫోటో పెట్టండి. దాన్ని నొక్కిపట్టి ఇన్ఫోలోకి వెళితే చూసినవాళ్ల పేర్లుంటాయి. గ్రూపుల్లో ఈ సౌకర్యాన్ని ఎవరూ ఆపుకోలేరు. చూసి కూడా శుభాకాంక్షలు చెప్పనివాళ్ల జాబితా రాసుకోండి, రేపు వాళ్లింట్లో పెళ్లికి చదివింపులు తగ్గించడానికి అక్కరకొస్తుంది.

విడిగా మీరు నీలి టిక్కులు ఆపేసుకుంటే, వాళ్ల స్టేటస్ మీరు చూసినట్టు వాళ్లకు తెలియదు. కాకపోతే మీ స్టేటస్ ఎవరు చూశారో మీకూ తెలియదు. దొంగచూపులు చూడాలా, చూసినవాళ్లను లెక్కపెట్టుకోవాలా? ఈ ధర్మసంకటంతో ఒక ఆదివారమంతా గడిపేయొచ్చు.

5. ఎక్కడికెళ్లినా ఫోటో పెట్టాకే వెళ్లినట్టు లెక్క. తిరుమల గుడిలోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి దర్శనాన్ని మినహాయించండి. డిపాజిట్ చేసిన ఫోన్ చేతికొచ్చాకే యాత్ర మొదలు. మాడవీధిలో నిలబడి ఫోటో దిగి, లడ్డూ కౌంటరు క్యూలో లైకులు లెక్కపెట్టుకోండి. తక్కువొచ్చాయా, పొద్దుటిపూట పెట్టాల్సిందని కొండ దిగేదాకా మథనపడండి. లైకుల సంఖ్య కనపడకుండా దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్‌లో 2021 నుంచి ఉంది. దాని జోలికి వెళ్లకండి.

6. మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తే అభిమాన సంఘాల కామెంట్లు చదవండి. ఎన్నికలప్పుడైతే పార్టీలవి. రెండే నిమిషాల్లో రక్తం మరుగుతుంది.

7. పిల్లల్ని వెనకబడనివ్వకండి. ఇన్‌స్టాగ్రామ్‌కు 13 ఏళ్లు నిండాలంటారు. పాపకు 11 అయితే పుట్టిన సంవత్సరాన్ని మీరే దగ్గరుండి మార్చి వేయించండి. బళ్లో వేసేటప్పుడు మన నాన్నలు మనకు ఆ సాయం చేయలేదా? ఒంటి తీరు గురించి టీనేజీ అమ్మాయిలకుండే దిగులును ప్రతి ముగ్గురిలో ఒకరికి తాము మరింత పెంచుతున్నామని ఆ కంపెనీ పరిశోధకులే 2019లో లోపల్లోపల రాసుకున్నారు. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని ఆ కాగితాలు బయటపెట్టింది. తయారీదారులే రాసిచ్చాక సరుకు పనితనం మీద అనుమానం దేనికి? అమ్మాయి అద్దం ముందు అరగంట నిలబడి, అన్నం వద్దని గదిలోకి వెళ్లిపోతే పరీక్షల టెన్షన్ అనుకోండి. తలుపు తట్టకండి. అదే సమయంలో మీకూ రీల్స్ ఉంటాయి.

8. ఇక ప్రమాదాల సంగతి. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోదానికి రోజుకు పదే నిమిషాలని కట్టడి చేశారు. పూర్తిగా మానిపించను కూడా లేదు. మూడు వారాలకే వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. ఏళ్ల తరబడి పోగేసుకున్నది ఎంత తేలిగ్గా జారిపోతుందో చూడండి! కాబట్టి ఎవరైనా మీ ఫోన్‌లో టైమ్ లిమిట్ పెడితే గొడవ పడొద్దు, "సరే" అనండి. గడువు అయిపోయిందని తెర మీద వచ్చినప్పుడు "ఇంకో పదిహేను నిమిషాలు" నొక్కండి. ఎన్నిసార్లు నొక్కినా ఫోన్ ఏమీ అనుకోదు.

9. ఇవన్నీ పాటించాక ఏ అర్ధరాత్రో గుండె దడదడలాడి, ఎవరితోనైనా మాట్లాడితే బాగుండుననిపిస్తుంది. అక్కడే గట్టిగా ఉండాలి. ఇంట్లోవాళ్లకు చెప్పకండి, నిద్ర పాడవుతుంది. స్నేహితులకు చెప్పకండి, వాళ్లంతా ఫ్రిస్కోలో ఉన్నారు. ప్రభుత్వంవారు 2022 అక్టోబరు నుంచి టెలీ మానస్ అని ఒకటి నడుపుతున్నారు. పైసా తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. నంబరు 14416. అయిదే అంకెలు, చేతిలో ఉన్నది ఫోనే. పొరపాటున నొక్కేయగలరు, జాగ్రత్త.