ఫౌండరుగారి వేసవి సెలవులు

జూన్ రెండో వారంలో మా మేనల్లుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఊళ్లో దిగాడు. వెంట రెండు సూట్‌కేసులు. ఒకదాంట్లో బట్టలు, రెండోదాంట్లో స్వచ్ఛంద సంస్థ.

ఎగతాళి కాదండీ. నలభై టీషర్టులు, ఒక బ్యానరు, చాపలా చుట్టి తెచ్చిన తెల్లబోర్డు, రంగురంగుల మార్కర్లు, అన్నిటి మీదా ఒకటే ముద్ర. నా చేతికి ఒక కార్డిచ్చాడు. వాడి పేరు కింద 'ఫౌండర్ అండ్ సీఈఓ' అని ఉంది. వాడికింకా పదిహేడు నిండలేదు. తెనాలి దగ్గరి మా ఊళ్లో శిలాఫలకాల మీద తప్ప వ్యవస్థాపకుడి పేరు కనపడదు. అలాంటిది మా నవారు మంచం మీదే ఒక ఫౌండరు దోమతెర కట్టుకుని పడుకుంటే నా ఛాతీ ఉప్పొంగింది.

"సంస్థ ఏం చేస్తుందిరా?" అన్నాను.

"ఊళ్లో ఆడవాళ్లకి ఫైనాన్షియల్ లిటరసీ నేర్పిస్తుంది మామయ్యా."

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచి."

సంగతేమిటంటే, వాడు వార్టన్‌కి అప్లై చేస్తున్నాడు. ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో, 1881లో జోసెఫ్ వార్టన్ అనే లోహాల వ్యాపారి లక్ష డాలర్లిచ్చి పెట్టించిన బిజినెస్ స్కూలు అది. ఎంబీయే మాట అలా ఉంచండి, పన్నెండో తరగతి కాగానే చేరే నాలుగేళ్ల డిగ్రీ కూడా ఉందక్కడ. ట్రంప్ 1968లో పట్టా పుచ్చుకున్నది అందులోనే. మన భాషలో చెప్పుకోవాలంటే బీకామ్. ఈ మాట మా చెల్లెలి ముందు మాత్రం అనకండి. నేనూ బీకామే. ఆ ముక్క చుట్టాలకి చెప్పడానికి మా నాన్నకి ఆరేళ్లు పట్టింది. "పెద్దాడు ఎంసెట్ రాశాడండీ..." అని మొదలెట్టి దగ్గు తెచ్చుకునేవాడు. ఇప్పుడు అదే ఇంటి ఆడపడుచు తన కొడుకుని అదే బీకామ్‌లో చేర్చడానికి నాలుగేళ్లుగా నిద్రపోవట్లేదు.

వాడి తయారీ తొమ్మిదో తరగతిలోనే మొదలైంది. డెకా అని, అమెరికా హైస్కూళ్లలో 1946 నుంచీ ఉన్న విద్యార్థుల సంఘం. దాని పోటీల్లో చేతికొక కాగితమిస్తారు. నువ్వు హోటల్ మేనేజరువి, గది బాగాలేదని కస్టమరు మండిపడుతున్నాడు, పది నిమిషాలు ఆలోచించుకుని జడ్జిగారి ముందు సర్దిచెప్పు. నీలం కోటేసుకుని మావాడు రాష్ట్రస్థాయి దాకా వెళ్లొచ్చాడు. మా సెంటర్లో కాఫీ హోటలాయన ఈ పోటీ రోజుకి ఇరవైసార్లు గెలుస్తాడు, లుంగీ మీద. బళ్లో ఇన్వెస్ట్‌మెంట్ క్లబ్బు కూడా పెట్టాడట. మొత్తం తొమ్మిదిమంది. ఒక ప్రెసిడెంటు, ముగ్గురు వైస్ ప్రెసిడెంట్లు, ట్రెజరరు, ఇంకా నలుగురు డైరెక్టర్లు.

"మరి మెంబర్లెవర్రా?"

"మెంబరైతే అప్లికేషన్‌లో ఏం రాసుకుంటారు మామయ్యా?"

ఇంటిదగ్గర ఆస్టిన్‌లో ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీలో చదువుకోవచ్చుగా అంటారేమో. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ఒకటుంది. బళ్లో పై ర్యాంకుల్లో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు దానంతటదే వస్తుంది. పై పది శాతం అన్నారు మొదట. ఆస్టిన్‌కి మాత్రం అది ఆరుకి దిగి, ఇప్పుడు ఐదైంది. పైగా యూనివర్సిటీలో సీటు ఖాయమే గానీ అక్కడి బిజినెస్ స్కూల్లో కాదు. ఆ గుమ్మం దగ్గర మళ్లీ క్యూ కట్టాలి. పోనీ ఆ ఐదు శాతంలోకైనా రావాలంటే? "మా బళ్లో అయితే కృష్ణా, గుంటూరు, రెండు గోదావరి జిల్లాలూ దాటాలన్నయ్యా" అంది మా చెల్లెలు. విజయవాడ హాస్టల్ కాలేజీల రుద్దుడు తన బిడ్డకి వద్దనుకునే పిల్ల సముద్రాలు దాటింది. రుద్దుడు కూడా వీసా వేయించుకుని వెనకాలే దిగింది.

కాకపోతే ఒక తేడా ఉంది. ఇక్కడ మార్కులు చాలు. మార్కులొచ్చినవాడి పాస్‌పోర్టు ఫొటో వేసి టీవీలో 'ఒకటి, ఒకటి, ఒకటి' అని అరుస్తారు గానీ వాడి మనసెలాంటిదని ఎవరూ అడగరు. అక్కడ మార్కులొచ్చాక మనసు కూడా చూపించమంటారు. కామన్ యాప్ అనే దరఖాస్తులో ఆ మనసుకి 650 మాటలు కేటాయించారు. ఘనకార్యాలకి పది గళ్లు. ఒక్కో ఘనకార్యానికి 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఇందుకు దారి చూపడానికి ఒక కౌన్సెలరు. గంటకి ఆయన తీసుకునే డాలర్లని రూపాయల్లోకి మారిస్తే మా ఊరి డ్వాక్రా గ్రూపు నెల పొదుపు దాటిపోతుంది. మావాడి కాగితాలన్నీ తిరగేసి ఆయన 'స్పైక్ లేదు' అన్నాడట. స్పైక్ అంటే మేకు. అన్నిట్లోనూ బాగున్నవాడు గుండ్రంగా ఉండి చేతుల్లోంచి జారిపోతాడట, ఒకచోట పొడుచుకొచ్చినట్టుండాలట. ఆ మేకు కోసం వెతగ్గా వెతగ్గా అమ్మమ్మగారి ఊరు దొరికింది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి రామాలయం అరుగు మీద తరగతి. పన్నెండు మంది వచ్చారు, మా వీధి చివర పిన్ని నాయకత్వంలో. పిన్ని పాతికేళ్లుగా గ్రూపు లీడరు. మావాడు బోర్డు మీద 'ఏడాదికి వడ్డీ 24%' అని రాసి, ఇది ఎక్కువా తక్కువా అని అడిగాడు. ఎవరూ పలకలేదు. పాపం వీళ్లకి శాతాలు తెలియవు కాబోలని జాలిపడి పక్కనే పిజ్జా బొమ్మ గీసి ముక్కలు చేయడం మొదలెట్టాడు.

"నూటికి రెండు రూపాయలా నాన్నా?" అంది పిన్ని.

వాడు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాడు. నెలకి రెండు, పన్నెండు నెలలకి ఇరవై నాలుగు. "కరెక్ట్ అమ్మమ్మా!" అన్నాడు, బోలెడు సంతోషంగా.

"మరి బారువడ్డీయా చక్రవడ్డీయా రాయలేదేం? బారువడ్డీ అయితే తెలిసినవాళ్ల దగ్గర మామూలే. చక్రవడ్డీ అయితే ఆ ఇంటి గడప తొక్కకు."

వెనక వరసలోంచి ఇంకొకావిడ అందుకుంది. "ప్రోనోటు మీద సంతకం పెట్టే ముందు తారీఖు చూసుకోమని రాయి బాబూ. మూడేళ్లు దాటితే నోటు చెల్లదు. ఈలోపు ఎంతోకొంత కట్టించుకుని వెనకాల చెల్లు రాయించుకోవాలి." వాడి పిజ్జా సగంలో ఆగిపోయింది.

తర్వాత చీటీ పాట. ఇరవై మంది, నెలకి ఐదేసి వేలు, మొత్తం లక్ష. ఇంట్లో పెళ్లున్నామె మొదటి నెలే ముప్పై వేలు తగ్గించుకుని డెబ్బై వేలకి పాడుకుంటుంది. ఆ ముప్పైలో ఐదు వేలు చీటీ నడిపేవాళ్లకి, మిగతా పాతిక ఇరవై మందికీ తలా పన్నెండు వందల యాభై. అంటే ఆ నెల ఐదు వేలకి బదులు మూడు వేల ఏడువందల యాభై కడితే చాలు. ఇదంతా పిన్ని మల్లెమొగ్గలు మాలకడుతూ చెప్పింది, దారం మీంచి కళ్లెత్తకుండా. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే ధర చెబుతారు, అవసరం లేనివాళ్లకి అదే వడ్డీ. ఫౌండరుగారు మార్కరు మూత పెట్టేసి పుస్తకం తీసి రాసుకోవడం మొదలెట్టాడు.

వాడి తర్వాతి కాగితం మీద 'మైక్రోఫైనాన్స్: పేదరికానికి పరిష్కారం' అని ఉంది. నేను దాన్ని తెలుగులో చదవగానే అరుగు మీద సందడంతా ఆగిపోయింది. 2010లో వారంవారం వసూలుకొచ్చేవాళ్లు గుమ్మంలో కూర్చుని కదిలేవాళ్లు కాదు. ఒకరి అప్పుకి గుంపంతా పూచీ. పక్కింటామె కట్టకపోతే మనమే వెళ్లి పక్కింటామెని నిలదీయాలి. రాష్ట్రంలో ప్రాణాలు కూడా పోయాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. "ఆ కాగితం తీసెయ్ నాన్నా" అంది పిన్ని. ఎందుకని అడగలేదు వాడు, తీసేశాడు. ఆ వేసవిలో వాడు చేసిన మంచిపని నాకు తెలిసి అదొక్కటే. దానికి దరఖాస్తులో గడి లేదు.

ఇక ఫొటోలు. మా చెల్లెలు వీడియో కాల్లో నిలబడి డైరెక్షన్ ఇచ్చింది. "పిన్నీ, వాడు చెప్పేది నీకు కొత్తగా ఉన్నట్టు చూడు." పిన్ని ప్రయత్నించింది గానీ ఆమె ముఖానికి అది అలవాటు లేదు. కళ్లజోడు సర్దుకుని, బోర్డు మీద వాడు తప్పు వేసిన కూడిక వేలుపెట్టి చూపించింది. సరిగ్గా అప్పుడే క్లిక్‌మంది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. పిన్ని వేలు, వాడి తెరిచిన నోరు, వెనక ధ్వజస్తంభం. కౌన్సెలరు పనికిరాదన్నాడు. "ఇందులో లీడరు ఆవిడలా ఉన్నారు."

దీన్ని మోసం అనకండి. మోసమంటే 2019లో అమెరికాలో బయటపడిన రిక్ సింగర్ అనే అడ్మిషన్ల కౌన్సెలరు వ్యవహారం. ఆటలాడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించడానికి ఫొటోలు కూడా మార్చారు. యూనివర్సిటీకి కోట్లు విరాళమివ్వడం దొడ్డిగుమ్మం, నాది పక్క గుమ్మం అని ఆయన గిరాకీలకి విడమరిచి చెప్పేవాడు. మూడున్నరేళ్ల శిక్ష పడింది. మావాళ్లది పక్క గుమ్మం కాదు. ముందు గుమ్మమే, కాస్త మామిడాకులు ఎక్కువ కట్టారంతే.

తోరణం కట్టడంలోనూ లెక్క ఉంటుంది. వచ్చినవాళ్లు పన్నెండు మంది. ఇంటికి ఐదుగురు చొప్పున అరవై. రెండు రోజులొచ్చారు కాబట్టి నూట ఇరవై. '120 గ్రామీణ జీవితాల్లో మార్పు' అని గడిలో చేరింది. నేనీ లెక్క పిన్నికి చెబితే ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "ఈ కూడిక ముందే తెలిసుంటే బ్యాంకు మేనేజరు దగ్గర మన గ్రూపుకి ఎంత లోను లాగేవాళ్లమో!"

వెళ్లే ముందు రాత్రి మేడ మీద పడుకుని, వారెన్ బఫెట్ అంటే తనకి దేవుడన్నాడు మావాడు. బఫెట్ కూడా వార్టన్‌లోనే చేరాడు, 1947లో. రెండేళ్లుండి, సొంత రాష్ట్రం నెబ్రాస్కాకి పోయి డిగ్రీ పూర్తిచేశాడు. అంతకుముందే, హైస్కూల్లో ఉండగా, పాతిక డాలర్లకి పాత పిన్‌బాల్ మిషను కొని మంగలి షాపులో పెట్టి డబ్బు చేసుకున్నాడు. ఇప్పుడైతే ఆ మంగలాయన చేత టీషర్టు తొడిగించి, సాధికారత పొందాడని రాయాల్సొచ్చేది. ఇది చెబితే మావాడు నవ్వాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆగస్టులో వ్యాసం మొదలైంది. 'నేర్పడానికి వెళ్లి నేర్చుకుని వచ్చాను' అని నిజాయితీగానే రాశాడట. కౌన్సెలరు కొట్టేశాడు. ఆ వినయం ప్రతి పిల్లాడూ చూపిస్తున్నాడట, పాతబడిపోయిందట. ఇంకేమైనా కథ ఉందా అని తవ్వుతుంటే వీడు మాటవరసకి నా సంగతి చెప్పాడు. ఆయన కుర్చీలో లేచి కూర్చున్నాడట. చివరికి ఆ 650 మాటలూ నా మీదే వెచ్చించారు. 'మా ఇంట్లో కామర్స్ చదివిన మామయ్య ఒక రహస్యం' అని మొదలవుతుందట. నాన్న దగ్గు కూడా ఉందట అందులో. బీకామ్ వల్ల నాకు జరిగిన మొదటి సన్మానం ఇది.

నవంబరు ఒకటిన 'ఎర్లీ డెసిషన్' కింద పంపించారు. అంటే సీటిస్తే చేరి తీరతామని ముందే మాటిచ్చేయడం, నిశ్చితార్థం లాగా. డిసెంబరు నడిమికి జవాబొచ్చింది. సీటివ్వలేదు, పొమ్మనీ అనలేదు. డిఫర్ చేశారట, మార్చి ఆఖరుకి మళ్లీ చూస్తారట. మా చెల్లెలు ఫోన్లో ఏడుస్తోంది. గుమ్మంలో చిక్కుళ్లు ఒలుస్తున్న పిన్ని ఏమైందని సైగ చేసింది.

"వాయిదా వేశారట పిన్నీ."

"అంతేనా," అంది పిన్ని తేలిగ్గా. "మొత్తం ఎన్ని వాయిదాలట?"