బొటనవేలి బాధలు

ఈ వ్యాసకర్త కుడిచేతి బొటనవేలు కాస్త లావు. యాభై ఏళ్ళు దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. ఆవకాయన్నం కలపడానికీ, రిజిస్ట్రారాఫీసులో ముద్ర వేయడానికీ చక్కగా పనికొచ్చింది. స్మార్ట్‌ఫోను కొన్నాకే అందులో లోపం ఉందని బయటపడింది.

మొన్న బంధువుల గ్రూపులో బావగారు తన మేనమామ పోయారని పెట్టాడు. సిటీబస్సులో ఒక చేత్తో కమ్మీ పట్టుకుని వేలాడుతున్న వ్యాసకర్త, రెండో చేతిలోని ఫోనులో ఏడుపు బొమ్మను నొక్కబోయాడు. బస్సు గతుకులో పడింది. వేలు పక్క బొమ్మ మీద పడింది. అది కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మ. రెండు బొమ్మలకూ కన్నీళ్ళే కాబట్టి, కళ్ళజోడు జేబులో ఉన్న వ్యాసకర్త తన సానుభూతి సక్రమంగా అందిందనే అనుకున్నాడు.

ఐదు నిమిషాల్లో ఫోను మోగింది. “ఏం బావా, మా మావయ్య పోతే నీకంత నవ్వొచ్చిందా?”

తప్పంతా వేలిదే అనడం అన్యాయం. నొక్కే చోటు ఎంతుండాలో కంపెనీలు ఏనాడో రాసి పెట్టాయి. ఆపిల్ లెక్క 44 పాయింట్లు. ఆండ్రాయిడ్ లెక్క 48 డీపీ, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. దాదాపు ఒక కాబూలీ శనగంత. లెక్క శనగల్లోనే ఉంది. అరడజను బొమ్మల్ని ఒకే వరసలో కూర్చోబెట్టేటప్పుడు మాత్రం ఎవరో ఆవగింజలు చల్లేస్తారు.

పోనీ, అందరూ రెండు చేతులా ఫోను పట్టుకుంటారా అంటే అదీ లేదు. 2013లో స్టీవెన్ హూబర్ అనే డిజైనరు జనం మధ్య తిరుగుతూ 1,333 మందిని గమనించాడు. తెరను ముట్టుకుంటున్నవాళ్ళలో 49 శాతం ఒంటిచేతి వాటమే. మరుసటేడు ఐఫోన్ 6 పెద్దదై బొటనవేలికి పైభాగం అందకుండా పోతే, హోమ్ బటన్‌ను రెండుసార్లు తాకగానే తెర మొత్తం కిందికి జారే ఏర్పాటు చేశారు. అటక మీది డబ్బా అందడం లేదని అటకనే దించినట్టు.

చేసిన తప్పు దిద్దుకోవడానికి గడువు కూడా కావాలి. వాట్సాప్ 2017లో పంపిన సందేశాన్ని అందరి దగ్గరా చెరిపే వీలిస్తూ ఏడు నిమిషాలు పెట్టింది. మన తప్పు మనకు తెలియాలంటే ముందు ఎవరో ఒకరు ఫోన్ చేసి తిట్టాలి, ఏడు నిమిషాలు ఏం సరిపోతాయి? 2018లో దాన్ని గంటా 8 నిమిషాల 16 సెకన్లు చేశారు. ఆ 16 సెకన్లు ఏ సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తమో! 2022లో గడువు రెండు రోజులు దాటింది. 2023 నుంచి పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోనూవచ్చు. చెరిపితే మాత్రం అక్కడో చిన్న బోర్డు మిగులుతుంది. అది చూసి, ఏం రాశాడో ఏం చెరిపాడో అని అత్తయ్యలు ఆరాలు మొదలుపెడతారు.

కొన్ని సదుపాయాలు మరీ సుఖంగా కుదిరాయి. లోరెన్ బ్రిక్టర్ ట్వీటీ యాప్‌లో పెట్టిన ‘కిందికి లాగితే కొత్తవి వస్తాయి’ పద్ధతి, బావిలో చేద వేసినంత సులువు. 2006లో ఏజా రాస్కిన్ రూపొందించిన అంతులేని పేజీ, విస్తరి మడిచినా ఆగకుండా వడ్డించే పెళ్ళివారి మర్యాద. తర్వాత ఆయనే దానికి బహిరంగంగా నొచ్చుకున్నాడు. అప్పటికే అందరి బొటనవేళ్ళూ అరిగిపోయాయి.

ఫోన్లకు మనతో కష్టాలు లేకపోలేదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ను ఒక కనబడని గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 తెచ్చి సరిచేసింది. అన్ని విద్యలూ నేర్చిన ఫోను జ్ఞానం దగ్గరికొచ్చేసరికి మూర్ఛపోయిందని తెలుగు మాస్టార్లు చాలా సంతోషించి ఉండాలి.

ఇక వేలిని నమ్మి లాభం లేదని వ్యాసకర్త గొంతును నమ్ముకున్నాడు. పెద్దకర్మకు ముందురోజు, గద్గద స్వరంతో, మధ్యమధ్య ఆగుతూ, మూడు నిమిషాల క్షమాపణ రికార్డు చేసి పంపాడు. వాయిస్ మెసేజ్‌ను రెండింతల వేగంతో వినే సదుపాయం ఒకటుందని, బావగారికి దాని మీద మహా మక్కువని అతనికి తెలియదు.

సాయంత్రానికి జవాబొచ్చింది. “విన్నాను బావా. ఏడుస్తున్నావో, బస్టాండులో ‘బెజవాడ బెజవాడ’ అని కేకేస్తున్నావో అర్థం కాలేదు. రేపు భోజనానికి రా.”